ఓడలను నడిపిన ఇంజిన్... ఓడలోనే అదృశ్యమైన డీజిల్

విశాఖపట్నం: రేవుకు వచ్చే సరకు ఓడలు, చేపల వేటకు వెళ్లే మరపడవలు, పల్లెల్లోని పంపుసెట్లు... వీటన్నింటితో ముడిపడిన ‘డీజిల్’ అనే మాట ఒక మనిషి ఇంటిపేరు. ఆయన రుడాల్ఫ్ డీజిల్. మార్చి 18 ఆయన జయంతి.

1858లో పారిస్‌లో జర్మన్ దంపతులకు ఆయన జన్మించారు. 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో కుటుంబం లండన్‌కు తరలిపోయింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను చదువు నిమిత్తం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల వద్దకు పంపారు. అనంతరం మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో కార్ల్ లిండే శిష్యుడయ్యారు. ఆవిరి యంత్రాల్లో బొగ్గు వేడి అత్యధిక భాగం వృథా కావడం ఆయనను కలచివేసింది. సిలిండర్‌లో గాలిని బలంగా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునే ఇంజిన్‌ను రూపొందించారు. 1893లో తొలి పరీక్షలోనే పీడనాన్ని కొలిచే పరికరం పేలిపోయింది. అయినా వెనుకంజ వేయలేదు. 1897లో ఆ ఇంజిన్ ఇంధన శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చి చూపింది.

విద్యుత్తు తోడుగా...

ఓడ ముందుకు సాగితే చాలదు. రేవులో ఆగాలి, వెనక్కీ నడవాలి. అప్పటి డీజిల్ ఇంజిన్ ఒకే దిశలో తిరిగేది. రష్యాలో తయారీ హక్కులు పొందిన నోబెల్ సోదరుల చమురు సంస్థ ఈ చిక్కును విప్పింది. వోల్గా జలమార్గంలో చమురు మోసేందుకు 1903లో సిద్ధం చేసిన ‘వాండాల్’ నౌకలో 120 అశ్వశక్తి గల మూడు ఇంజిన్లను అమర్చింది. ఇంజిన్లు జనరేటర్లను తిప్పేవి. ఆ విద్యుత్తుతో మోటార్లు నీటిలోని పంకాలను నడిపేవి. ఇంజిన్ దిశ మార్చకుండానే మోటారును వెనక్కి తిప్పవచ్చు. డీజిల్-ఎలక్ట్రిక్ నౌకలకు అదే నాంది. 1912 నాటికి వెనక్కీ తిరగగల డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. వాటితో ‘సెలాండియా’ కోపెన్‌హాగన్ నుంచి బ్యాంకాక్‌కు పయనించింది.

అప్పుల్లో ఆవిష్కర్త

ఇంజిన్ గెలిచినా ఆయన జీవితం ఒడ్డుకు చేరలేదు. పేటెంటు వివాదాలు, అనారోగ్యం, పెట్టుబడుల్లో నష్టాలు కుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి యాంట్‌వర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్తున్న ‘డ్రెస్డెన్’ ఓడలో నుంచి అదృశ్యమయ్యారు. అది ఆవిరి ఓడ. కొన్ని రోజులకు సముద్రంలో కనిపించిన మృతదేహం వద్ద లభించిన వస్తువులు తండ్రివేనని కుమారుడు గుర్తించారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లు. మరణ కారణం నేటికీ తేలలేదు.

విహార నౌకల్లో, మంచును చీల్చుకుంటూ సాగే ఓడల్లో నేడు డీజిల్-ఎలక్ట్రిక్ విధానం విస్తృతంగా వాడుకలో ఉంది. ఆ ఇంజిన్‌తో నౌకా సంస్థలు ఇంధన ఖర్చు తగ్గించుకున్నాయి. దాన్ని కనిపెట్టిన ఇంటికి మాత్రం అప్పులే మిగిలాయి.