గోదావరి చిత్రకారుడు దామెర్ల

ఆర్మూరుకు ఉత్తరాన పోచంపాడు మీదుగా పారే గోదావరి, దిగువన రాజమండ్రిలో ఒక గొప్ప చిత్రకారుని తీర్చిదిద్దింది. ఆయనే దామెర్ల రామారావు. 1897లో జన్మించారు. ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపించారు. తిరిగి వచ్చి స్వస్థలంలో చిత్రకళా పాఠశాల స్థాపించారు. పురాణ ఘట్టాలతోపాటు తూర్పు కనుమల నడుమ సాగే గోదావరినీ చిత్రించారు. 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు.

ఆనాటికి పోచంపాడు ప్రాజెక్టు లేదు. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు పొలాలకు నీరిచ్చింది. ఎగువ ఊళ్లను ముంచింది. పోలవరం వల్ల తూర్పు కనుమల్లోనూ నదీతీర గ్రామాలు ఖాళీ అయ్యాయి. పోయిన తీరాన్ని తిరిగి తేలేం. దామెర్ల పేరిట రాజమండ్రిలో ఉన్న చిత్రశాలను మాత్రం పదిలంగా కాపాడుకోవచ్చు.