రహీం సాబ్: బడి మైదానం నుంచి జకార్తా స్వర్ణం వరకు

కోల్‌కతా నగరానికి తూర్పున వెలసిన న్యూ టౌన్‌లో నేడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. పచ్చని మైదానాలు, దీపకాంతులు, వ్యాయామశాలలు, వైద్య సదుపాయాలు ఒక్కచోట అమర్చి యువ క్రీడాకారులను తీర్చిదిద్దడం అటువంటి కేంద్రాల ఆశయం. ఇవేవీ లేని కాలంలో, హైదరాబాదులోని ఒక సామాన్య ఉపాధ్యాయుడు ఈ దేశానికి రెండు ఆసియా క్రీడల స్వర్ణ పతకాలను సాధించి పెట్టారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు, అభిమానులకు ఆయన రహీం సాబ్.

ఉపాధ్యాయుడే శిక్షకుడు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆ విద్యాసంస్థ జట్టుకు ఆడారు. పట్టభద్రులైన పిమ్మట నగరంలోని పలు పాఠశాలల్లో ఉపాధ్యాయ వృత్తి సాగించారు. వ్యాయామ విద్యలోనూ శిక్షణ పొందారు. పాఠం చెప్పే పద్ధతినే ఆయన మైదానానికి తీసుకువెళ్లారు. కష్టమైన విషయాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీయడం, ఒక్కొక్క భాగాన్ని పదే పదే సాధన చేయించడం, తప్పును కోపంతో గాక ఓర్పుతో సరిదిద్దడం ఆయన విధానం.

1940ల ఆరంభంలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యతను తుదిశ్వాస వరకు నిర్వహించారు. ఆ రోజుల్లో మన ఆటగాళ్లకు బంతిని తన వద్దనే ఉంచుకుని ఒంటరిగా ముందుకు దూసుకుపోవడంపై మక్కువ ఎక్కువ. ప్రేక్షకుల చప్పట్లు కూడా దానికే. రహీం ఆ అలవాటును మొదట సంస్కరించారు. డ్రిబ్లింగ్‌ను నిషేధించి యువకులకు పోటీలు నిర్వహించారు. బంతి అందగానే సహచరుడికి అందించక తప్పని ఆట అది. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని సాధనలు చేయించారు. ఈ కఠోర సాధనతో ఒక తరం ఆటగాళ్లకు రెండు కాళ్లూ సమానంగా పనిచేశాయి. బంతి రాకముందే అది ఎటు వెళ్లాలో ఆలోచించే అలవాటు అబ్బింది.

పోలీసు జట్టు ప్రాభవం

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టారు. ఆటగాళ్లకు పోలీసు శాఖలో కొలువు దొరికేది. ఆటకు జీవనాధారం తోడయింది. పేద కుటుంబాల యువకులు నిశ్చింతగా సాధన చేయగలిగారు. ఆ ఏడాదే దేశ రాజధానిలో జరిగిన డ్యూరాండ్ కప్ తుదిపోరులో హైదరాబాద్ పోలీసులు కోల్‌కతా దిగ్గజం మోహన్ బగాన్‌ను ఓడించారు. ఫుట్‌బాల్ అంటే బెంగాల్ సొత్తు అనుకునే కాలంలో అదొక సంచలనం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు ఆ జట్టే గెలుచుకుంది. డ్యూరాండ్ కప్ మరి మూడు పర్యాయాలు వారిని వరించింది. హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరుసగా సంతోష్ ట్రోఫీని కూడా కైవసం చేసుకుంది.

సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ప్రతిభను గుర్తించి వెలుగులోకి తెచ్చినది రహీమే. నగరానికి వచ్చి సాధన చేయడానికి సైకిలు అద్దె కూడా చెల్లించలేని స్థితి ఆ యువకుడిది. ఆ ఖర్చు రహీం తానే భరించారు. అదే బలరాం తరువాతి కాలంలో కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ అభిమానుల ఆరాధ్యుడయ్యారు.

హెల్సింకి గాయం, మెల్‌బోర్న్ వెలుగు

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీం తొలి విజయం 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో దక్కింది. ఫైనల్‌లో మేవాలాల్ చేసిన గోలుతో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. అయితే మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో ఒట్టి కాళ్లతోనే ఆడారు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం కూడా యూరప్ జట్ల వ్యూహాలను శ్రద్ధగా పరిశీలించారు. హంగరీ, బ్రెజిల్ జట్ల ద్వారా ప్రపంచానికి తెలిసివచ్చిన కొత్త కూర్పులను మన ఆటగాళ్లకు నేర్పారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించగా భారత్ 4-2 తేడాతో ఆతిథ్య ఆస్ట్రేలియాను చిత్తుచేసింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా దేశంగా నిలిచింది. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్య పోరులో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు గణనీయ సంఖ్యలో ఉన్నారు.

జకార్తా: చివరి పరీక్ష

1962లో జకార్తా ఆసియా క్రీడలకు బయలుదేరేనాటికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీం శరీరాన్ని లోలోపల తొలిచివేస్తోంది. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓటమి. థాయిలాండ్‌పై గెలిచినా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు బలమైన గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ప్రవేశం నిరాకరించిన వివాదంలో భారతీయ ప్రతినిధి వ్యాఖ్యల కారణంగా స్థానికుల ఆగ్రహం మనవారిపైకి మళ్లింది. భారత రాయబార కార్యాలయంపై దాడి కూడా జరిగింది.

అటువంటి వేళ రహీం ఒక సాహస నిర్ణయం తీసుకున్నారు. గాయపడిన జర్నైల్ సింగ్‌ను రక్షణ శ్రేణి నుంచి తప్పించి దాడి చేసే స్థానంలో నిలిపారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 తేడాతో దక్కిన విజయంలో ఒక గోలు ఆయనదే. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియం నిండా జనం, ఆ హోరంతా భారత్‌కు వ్యతిరేకమే. పి.కె. బెనర్జీ మొదటి గోలు, జర్నైల్ సింగ్ రెండో గోలు సాధించారు. చివర్లో కొరియా ఒక గోలు చేసినా, చునీ గోస్వామి నాయకత్వంలోని భారత్ 2-1తో స్వర్ణం గెలుచుకుంది.

అదే రహీం సాబ్ చివరి ఘనవిజయం. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

మిగిలిన వారసత్వం

నాటి నుంచి నేటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం దక్కలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం లభించింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో రహీం శిష్యుడు పి.కె. బెనర్జీ ఒకరు. కోల్‌కతా క్లబ్బులను దశాబ్దాలపాటు నడిపించిన ఆ బెంగాలీ శిక్షకుడి రూపంలో హైదరాబాదు విద్య కొనసాగింది. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడై, తరువాత శిక్షకుడిగా, రిఫరీగా సేవలందించారు. 2024లో వచ్చిన మైదాన్ చలనచిత్రం రహీం కథను కొత్త తరానికి పరిచయం చేసింది.

అయినా ఒక లోటు మిగిలే ఉంది. ఒకనాడు జాతీయ జట్టును నింపిన హైదరాబాదు వీధుల నుంచి నేడు ఆ స్థాయి ఆటగాళ్లు రావడం అరుదైంది. రహీం పోయినంత మాత్రాన పిల్లల్లో ప్రతిభ అడుగంటలేదు. బస్తీ కుర్రవాణ్ణి గుర్తించి, కొలువు చూపి, సైకిలు అద్దె ఇచ్చి, ఏళ్లతరబడి ఓర్పుతో తీర్చిదిద్దే ఏర్పాటు ఆయనతోపాటే సడలిపోయింది. న్యూ టౌన్ మైదానాలకు ఆధునిక హంగులు సమకూరాయి. వాటికి తోడు కావలసింది ఆ ఉపాధ్యాయుడి ఓర్పు, చూపు మాత్రమే.