బి.ఆర్.అంబేద్కర్ విద్యాభ్యాసము

డాక్టర్ భీంరావ్ రాంజీ అంబేద్కర్ (ఏప్రిల్ 14, 1891 - డిసెంబర్ 6, 1956) న్యాయకోవిదుడు, ఆర్థికవేత్త, రాజనీతిజ్ఞుడు, సంఘ సంస్కర్త. భారత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు, స్వతంత్ర భారతదేశపు తొలి న్యాయశాఖామంత్రి. అస్పృశ్యులుగా పరిగణింపబడిన మహర్ కులంలో జన్మించి, అర్థశాస్త్రము, రాజనీతి శాస్త్రము ప్రధానాంశాలుగా బొంబాయి విశ్వవిద్యాలయ పట్టభద్రుడయ్యాడు. పిమ్మట అమెరికా, ఇంగ్లాండు దేశాలలో అత్యున్నత పట్టాలు పొందాడు. ఆయన విద్యాభ్యాసము, దానికి ఎదురైన ఆటంకములు, ఆ విద్య ఆయన ప్రజాజీవితానికి పునాది అయిన విధము ఈ వ్యాసపు ముఖ్యాంశములు.

== బాల్యము ==

అంబేద్కర్ నేటి మధ్యప్రదేశ్‌లోని మౌ సైనిక స్థావరంలో రాంజీ మాలోజీ సక్పాల్, భీమాబాయి దంపతులకు 14వ సంతానంగా జన్మించాడు. వీరి పూర్వీకుల గ్రామం రత్నగిరి జిల్లాలోని అంబడవే. తండ్రి బ్రిటిషు సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు కూడా. పిల్లల చదువు పట్ల రాంజీకి అమితమైన శ్రద్ధ ఉండేది. భీంరావ్‌కు ఇంగ్లీషు, గణితము ఇంటివద్దనే నేర్పేవాడు.

సతారాలోని పాఠశాలలో భీంరావ్ తోటి విద్యార్థులకు దూరంగా కూర్చోవలసి వచ్చేది. కూర్చునేందుకు ఇంటి నుండి గోనెపట్టా తెచ్చుకొని, సాయంత్రం తిరిగి తీసుకొని వెళ్ళేవాడు. దాహం వేస్తే కుళాయిని ముట్టుకొనరాదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీరు, బంట్రోతు లేని రోజున దాహంతోనే ఉండవలసి వచ్చేది.

== బొంబాయిలో చదువు ==

కుటుంబం బొంబాయికి మారి పరేల్ ప్రాంతంలో ఒకే గది ఇంటిలో నివసించింది. భీంరావ్ ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలో చేరాడు. ఒకసారి లెక్క చేయుటకు నల్లబల్ల వద్దకు పిలిచినపుడు, బల్ల వెనుక ఉంచిన తమ భోజనపు డబ్బాలు మైలపడునని తోటి విద్యార్థులు పరుగున వెళ్ళి వాటిని తీసివేశారు. సంస్కృతం చదువుకొనే అవకాశం నిరాకరింపబడడంతో పర్షియన్ భాషను ఎంచుకొనవలసి వచ్చింది. అనంతర కాలంలో ఆయన సంస్కృతాన్ని స్వయంకృషితో నేర్చుకున్నాడు. కొడుకు కోరిన పుస్తకాల కొరకు రాంజీ వివాహితలైన కుమార్తెల వద్ద అప్పు తెచ్చేవాడు.

1906లో రమాబాయితో వివాహం జరిగింది. 1907లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. ఆ కులంలో ఇది అరుదైన విషయం కావడంతో అభినందన సభ జరిపారు. ఆ సందర్భంలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో వ్రాసిన బుద్ధుని జీవిత చరిత్రను బహూకరించాడు. కేలుస్కర్ చొరవతోనే బరోడా మహారాజు మూడవ సాయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల విద్యార్థి వేతనం మంజూరు చేశాడు.

== రాజనీతి శాస్త్ర పట్టభద్రుడు ==

1908లో అంబేద్కర్ బొంబాయి విశ్వవిద్యాలయ పరిధిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చేరాడు. ప్రొఫెసర్ ముల్లర్ ఆయనకు పుస్తకాలు, దుస్తులు ఇచ్చి ఆదరించాడు. 1912లో అర్థశాస్త్రము, రాజనీతి శాస్త్రము ప్రధానాంశాలుగా బి.ఎ. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఆయన కళాశాలలో ఉండగానే 1909లో మింటో-మార్లే సంస్కరణలు వచ్చాయి. శాసన మండళ్ళలో ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగింది, ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. ఏ వర్గానికి ఎంత ప్రాతినిధ్యము, దానిని ఎవరు ఎన్నుకోవాలి అనే ప్రశ్నలు దేశ రాజకీయాలలో ప్రధానమయ్యాయి. అంటరానివారి గొంతు మాత్రం ఆ చర్చలో దాదాపు వినబడలేదు. పది సంవత్సరాల తరువాత, 1919లో, ఓటుహక్కును పరిశీలించిన సౌత్‌బరో సంఘం ఎదుట అంబేద్కర్ సాక్ష్యమిచ్చి, అణగారిన వర్గాలకు ప్రాతినిధ్యం కావాలని వాదించాడు.

== కొలంబియా విశ్వవిద్యాలయం ==

పట్టా పొందిన పిమ్మట 1913 జనవరిలో బరోడా సంస్థాన కొలువులో చేరాడు. కొద్ది రోజులకే తండ్రి జబ్బుపడిన వార్త అంది బొంబాయికి తిరిగివచ్చాడు. ఫిబ్రవరి 2, 1913న రాంజీ మరణించాడు. కుటుంబ భారం మీద పడిన ఆ సమయంలోనే సాయాజీరావు విదేశీ విద్యకు అవకాశం కల్పించాడు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళపాటు వేతనము, చదువు ముగిశాక పది సంవత్సరాలు బరోడాలో కొలువు చేయాలన్నది ఒప్పందం.

1913లో న్యూయార్కు చేరిన అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయపు రాజనీతి శాస్త్ర విభాగంలో చేరాడు. ఆ రోజులలో అర్థశాస్త్రము కూడా ఆ విభాగంలోనే ఉండేది. అక్కడ ఆయన తీసుకున్న పాఠ్యాంశాలలో అర్థశాస్త్రమునకు చెందినవి 29, చరిత్రకు చెందినవి 11, సామాజిక శాస్త్రమునకు చెందినవి 6 కాగా, రాజనీతికి చెందినవి 3. ఒక దేశపు రాజకీయాలను గ్రహించాలంటే దాని ధనాన్ని, చరిత్రను, సంఘాన్ని ముందుగా గ్రహించాలన్న దృష్టి ఈ ఎంపికలో కనిపిస్తుంది. జాన్ డ్యూయీ, ఎడ్విన్ సెలిగ్‌మన్ వంటి ఆచార్యుల ప్రభావం ఆయనపై చెరగనిది.

1915లో ఎం.ఎ. పట్టా పొందాడు. మే 9, 1916న మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ నిర్వహించిన గోష్ఠిలో భారతదేశపు కులాల పుట్టుకపై పత్రం సమర్పించాడు. కులము లోపలే వివాహాలు జరుపుకొనే ఆచారమే కుల వ్యవస్థకు మూలమని అందులో ప్రతిపాదించాడు.

== బరోడాలో అవమానము ==

1916లో లండన్ వెళ్ళి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను, న్యాయవిద్యకై గ్రేస్ ఇన్‌లోను చేరాడు. విద్యార్థి వేతనపు గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది.

ఒప్పందం ప్రకారం బరోడాలో సైనిక కార్యదర్శిగా చేరాడు. రెండు ఖండాలలో చదివి వచ్చిన ఆ అధికారికి పట్టణంలో అద్దె ఇల్లు దొరకలేదు. కార్యాలయంలో నౌకర్లు కాగితాలను దూరం నుండి బల్లపైకి విసిరేవారు. పేరు మార్చుకొని ఒక పార్సీ వసతి గృహంలో తలదాచుకోగా, సంగతి తెలిసి కొందరు కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. గత్యంతరం లేక ఆయన బొంబాయికి తిరిగి వచ్చాడు. చదువు ఒక్కటే అంటరానితనాన్ని తొలగించజాలదని ఈ అనుభవం ఆయనకు రూఢిగా తెలియజేసింది.

== తిరిగి లండన్‌కు ==

1918లో బొంబాయిలోని సిడెన్‌హాం కళాశాలలో రాజకీయ అర్థశాస్త్ర ఆచార్యుడయ్యాడు. విద్యార్థులు మెచ్చిన అధ్యాపకుడే అయినా, ఆయన తమ కుండలో నీరు తాగడానికి కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. 1920 జనవరిలో కొల్హాపూర్ పాలకుడు షాహూ మహారాజ్ సహాయంతో మూక్‌నాయక్ అనే మరాఠీ పక్షపత్రికను ప్రారంభించాడు.

కూడబెట్టిన జీతానికి షాహూ మహారాజ్ సహాయము, కొలంబియా నాటి మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు తోడుకాగా, అదే సంవత్సరం లండన్ వెళ్ళాడు. పగలంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో గడిపేవాడు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో రూపాయి సమస్యపై వ్రాసిన సిద్ధాంత గ్రంథానికి డి.ఎస్సీ. పొందాడు. బారిస్టరు పట్టా కూడా పొంది స్వదేశానికి వచ్చాడు. బ్రిటిషు ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థపై చేసిన పరిశోధనకు 1927లో కొలంబియా పిహెచ్.డి. ప్రదానం చేసింది.

== విద్య నుండి రాజ్యాంగము వరకు ==

మార్చి 20, 1927న మహద్ పట్టణంలోని చౌదార్ చెరువు నీటిని అంటరానివారు తాగే హక్కు కొరకు సత్యాగ్రహం నడిపాడు. పాఠశాలలో కుళాయిని ముట్టుకోనివ్వని సంఘంపై ఇది తొలి పెద్ద పోరాటం. రౌండ్ టేబుల్ సమావేశాలలో పాల్గొన్నాడు. 1932లో గాంధీతో పూనా ఒడంబడిక కుదిరింది.

ఆగస్టు 29, 1947న ముసాయిదా సంఘం ఏర్పడింది. నవంబర్ 4, 1948న ముసాయిదాను సభలో ప్రవేశపెడుతూ, అమెరికా అధ్యక్ష పద్ధతిని, బ్రిటిషు పార్లమెంటరీ పద్ధతిని పోల్చి చూపాడు. మొదటిది స్థిరత్వానికి, రెండవది జవాబుదారీతనానికి ప్రాధాన్యమిస్తుందని, ముసాయిదా రెండవదానినే ఎంచుకున్నదని వివరించాడు. గ్రీసు చరిత్రకారుడు జార్జ్ గ్రోట్ భావనను ఆధారం చేసుకొని, రాజ్యాంగ నైతికత పుట్టుకతో వచ్చేది కాదని, దానిని అలవరచుకోవాలని బోధించాడు. నవంబర్ 25, 1949న చేసిన ప్రసంగంలో, రాజకీయ సమానత్వం లభించినా సామాజిక, ఆర్థిక అసమానతలు తొలగకపోతే ప్రజాస్వామ్యానికే ముప్పు వాటిల్లుతుందని హెచ్చరించాడు.

హిందూ కోడ్ బిల్లు ఆమోదం పొందకపోవడంతో 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. అక్టోబర్ 14, 1956న నాగపూర్‌లో బౌద్ధ ధర్మాన్ని స్వీకరించాడు. డిసెంబర్ 6న ఢిల్లీలో మరణించాడు.

== విద్యా సంస్థలు, గౌరవములు ==

తనకు దుర్లభమైన చదువును ఇతరులకు సులభము చేయుటకై 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించాడు. 1946లో ఆ సంస్థ బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను ప్రారంభించింది. జీవితపు చివరి సంవత్సరమైన 1956లో, రాజకీయాలలో ప్రవేశించగోరేవారికి శిక్షణనిచ్చే పాఠశాలను సైతం బొంబాయిలో ఏర్పాటు చేశాడు.

కొలంబియా విశ్వవిద్యాలయం 1952లోను, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953లోను ఆయనకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1990లో మరణానంతరం భారతరత్న పురస్కారం లభించింది. 1982లో హైదరాబాదులో స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తరువాత ఆయన పేరు పెట్టారు. కళాశాలకు వెళ్ళి చదువుకొనే వీలులేని గృహిణులు, ఉద్యోగులు, శ్రామికులు ఎందరో ఆ విశ్వవిద్యాలయం ద్వారా పట్టభద్రులైనారు.