చెంచాతో చేపను పట్టిన జూలియో బ్యూయెల్

గాలం అనగానే మన వాళ్లకు గుర్తొచ్చేది కాలువ గట్టు, వెదురు కర్ర, కొక్కేనికి గుచ్చిన ఎర్ర, నీటి మీద తేలే బెండు. బెండు మునిగే దాకా ఓపిగ్గా కూర్చోవడమే ఆ వేట. దొరల దేశాల్లో మాత్రం ఎర్ర లేకుండా, కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి ఈగలా తయారుచేసి చేపను భ్రమింపజేసే పద్ధతి తరతరాలుగా ఉన్నది. దానిని వారు ఫ్లై అంటారు. ఆ ఈకల ఈగకు ముందు గిర్రున తిరిగే లోహపు రెక్కను తగిలిస్తే దాన్ని స్పిన్నర్ అంటారు. అది చిన్న ఫ్యాను రెక్కలాగా నీటిలో తిరుగుతుంది. ఈ తిరుగుడు రెక్కను అమెరికాలో వ్యాపార వస్తువుగా నిలబెట్టిన వారిలో మొదటగా చెప్పుకునే పేరు జూలియో థామ్సన్ బ్యూయెల్. మన పాఠకులలో చాలామంది ఈ పేరు విని ఉండరు గాని, గాలం వేటగాళ్లకు ఇది బాగా తెలిసిన పేరు.

బ్యూయెల్ 1806లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జన్మించారు. వృత్తి బొచ్చుతోళ్ల వ్యాపారం. చలి దేశం కనుక ఆ తోళ్లకు గిరాకీ ఉండేది. ఆ ప్రాంతంలో కాసల్టన్ అనే ఊరి దగ్గర బొమొసీన్ అనే పెద్ద సరస్సు ఉన్నది. పూర్తిగా వెర్మాంట్ సరిహద్దుల లోపలే ఉన్న సరస్సులలో అదే పెద్దది. ఆయన కుర్రతనంలో అక్కడ పడవలో కూర్చుని భోజనం చేస్తుండగా చేతిలోని చెంచా జారి నీళ్లలో పడిందని ప్రతీతి. చెంచా తిన్నగా మునగకుండా అటూ ఇటూ ఊగుతూ, తళుక్కుమంటూ దిగుతుంటే పెద్ద చేప ఒకటి వచ్చి దాన్ని నోట కరుచుకుపోయిందట. తరువాత ఆయన ఇంట్లో ఒక చెంచా కాడను కోసేసి, గుంటగా ఉన్న భాగానికి కొక్కేన్ని మాటు వేసి అతికించి, మళ్లీ అదే సరస్సుకు వెళ్లారని చెబుతారు. ఇంట్లో ఆడవాళ్లు చెంచాలు లెక్క చూసుకున్నప్పుడు ఏమన్నారో ఆ కథ చెప్పే వాళ్లెవరూ చెప్పరు.

ఈ కథ ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా చెబుతారు. ఏ సంవత్సరమో, ఏ వయసులోనో అందరి మాటా ఒకటిగా లేదు. రికార్డు రూములో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి కనుక నాకు కథ కంటే కాగితం మీద నమ్మకం ఎక్కువ. కాగితం మీద ఉన్నది ఇది. 1852 ఏప్రిల్ 6న అమెరికా పేటెంటు కార్యాలయం బ్యూయెల్‌కు చెంచా ఎర మీద 8,853 నంబరు పేటెంటు మంజూరు చేసింది. అప్పటికి ఆయన వయసు 46 దరిదాపు. కుర్రతనపు కథ నిజమనుకుంటే, మధ్యలో పాతికేళ్లకు పైగా ఆ ఆలోచన ఏ దస్త్రానికీ ఎక్కలేదన్న మాట. 1856లో మరొక పేటెంటు కూడా పొందారు.

ఈ లోగా ఆయన కాపురం న్యూయార్కు రాష్ట్రంలోని వైట్‌హాల్‌కు మార్చారు. ఛాంప్లెయిన్ సరస్సు దక్షిణపు కొసన ఉన్న ఊరది. 1823లో తెరిచిన కాలువ దాన్ని హడ్సన్ నదితో కలిపింది. సరుకు పడవకెక్కిస్తే న్యూయార్కు మహానగరం దాకా పోవచ్చు. 1848 ప్రాంతంలో బ్యూయెల్ అక్కడ ఎరల తయారీని వ్యాపారంగా మొదలుపెట్టారు. నలభై దాటిన మనిషి, చేతిలో నడుస్తున్న వ్యాపారం ఉండగా, చేపలు కొరికే చెంచాల మీద పెట్టుబడి పెట్టడం చూసి ఇరుగుపొరుగు నవ్వుకునే ఉంటారని నా ఊహ.

ఆ వస్తువులో ఏముందని అనిపించవచ్చు. రేకును కొద్దిగా గుంటగా వంచి, ఒక కొసను సన్నని తీగ చుట్టూ తిరిగేటట్లు తగిలిస్తారు. దారం లాగినప్పుడు నీటి ఒత్తిడికి రేకు గిర్రున తిరుగుతుంది. రేకు గుండ్రంగా ఉంటే తీగకు దూరంగా, నెమ్మదిగా, బరువుగా తిరుగుతుంది. ఆకులా సన్నగా ఉంటే తీగను అంటిపెట్టుకుని వేగంగా తిరుగుతుంది. చేపకు ఒంటి పక్కన ఒక గీత ఉంటుంది. నీటిలోని అదురును అది ఆ గీత ద్వారా పసిగడుతుంది. అందుచేత బురద నీటిలో కంటికి ఆనకపోయినా రెక్క తిరగడం దానికి తెలుస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉన్నది. రెక్కతో పాటు దారం కూడా మెలిపడుతుంది. అందుకని మధ్యలో స్వివెల్ అనే తిరుగుడు కొక్కెం వేస్తారు. ఆ కాలపు స్పిన్నర్లలో చాలావాటికి మూడు మొనల గాలం చుట్టూ ఈకలు కూడా కట్టేవారు. అంటే రెక్క వెనుక ఈగ ఉన్నట్లే.

ఇక్కడే ఒక తగవు ఉన్నది. ఈకల ఈగతో చేపను మోసగించడం నేర్పు, దానికి లోహపు రెక్క తగిలించడం అడ్డదారి అని ఫ్లై వేటగాళ్లలో నిష్ఠాపరులు అంటారు. ఫ్లై మాత్రమే వాడాలన్న నీళ్లలో చాలాచోట్ల రెక్క తగిలిస్తే ఒప్పుకోరు. చేప వైపు నుంచి చూస్తే రెండూ మోసమే కనుక నేను ఏ పక్షమూ చేరను.

ఇంకో తగవు, ఆయన నిజంగా మొదటివాడేనా అన్నది. లోహపు ఎరలు ఉత్తర ఐరోపా దేశాల్లో అంతకు ఎన్నో తరాల ముందే ఉన్నాయి. పసిఫిక్ దీవులవారు ముత్యపు చిప్పతో మెరిసే ఎరలు చేసుకునేవారు. కనుక ఆయన్ను ఏకైక సృష్టికర్త అనడం అతిశయోక్తి. చేతిపనిగా ఉన్నదాన్ని ఒకే మాదిరిగా వందల లెక్కన చేసి, పేరు వేసి అమ్మడం మాత్రం తక్కువ పని కాదు. ఆ గౌరవం ఆయనకు చెల్లుతుంది.

అప్పటి చట్టం ప్రకారం పేటెంటు గడువు 14 సంవత్సరాలే. గడువు పొడిగింపు కోరే వీలు ఉండేదనుకోండి. పోటీదారులు రానే వచ్చారు. అదే న్యూయార్కు రాష్ట్రంలో థెరిసా ఊరిలో చాప్‌మన్, క్లేటన్ ఊరిలో స్కిన్నర్ స్పిన్నర్లు తయారుచేశారు. స్కిన్నర్ తన గాడుల రేకు మీద 1874లో పేటెంటు తీసుకున్నారు. బ్యూయెల్ ఇదంతా కళ్లారా చూశారు. ఆయన 1886లో, 80 ఏళ్ల ప్రాయంలో కన్నుమూశారు.

ఆయన తరువాత 1899లో ఇండియానా రాష్ట్రం లోగన్స్‌పోర్టులో హిల్డెబ్రాంట్ అనే ఆయన వెండి డైమ్ నాణేన్ని సాగగొట్టి మొదటి స్పిన్నర్ చేశారని చెబుతారు. ఫ్లై కర్రకు సరిపోయే తేలికపాటి రెక్కలకు ఆ పేరు ప్రసిద్ధి. 1938లో ఫ్రాన్సులో మెల్నార్ అనే ఇంజనీరు మెప్స్ పేరుతో స్పిన్నర్లు తెచ్చారు. అమెరికాలో వాటి కొక్కేలకు ఉడుత తోక వెంట్రుకలు కట్టడం మొదలుపెట్టాక, వేటగాళ్ల దగ్గర ఆ తోకలు కొనడానికి ఆ కంపెనీ ధరల పట్టికే పెట్టింది. బొచ్చుతోళ్ల వ్యాపారి బ్యూయెల్ అప్పటికి బతికి ఉంటే ఆ బేరం కూడా ఆయనే చేసి ఉండేవారు.