నటశేఖరుడు బళ్లారి రాఘవ

నాటకము లాడు బాలురు చదువునకు దూరమగుదురని పెద్దలు కొందఱు శంకించెడివారు. ఆ శంకను తన జీవితముతోనే తీర్చిన మహనీయుడు బళ్లారి రాఘవ.

ఆయన పూర్తిపేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, నేటి అనంతపురము జిల్లాలోని తాడిపత్రిలో జన్మించెను. ఆంధ్రనాటక పితామహుడని ప్రసిద్ధిగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. కన్నడమును తెలుగును కలిసి వినవచ్చు బళ్లారి పట్టణమున రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నెలకొల్పి తెలుగు నాటకములను ప్రదర్శించుచుండెను. ఆ గాలిలో పెరిగిన రాఘవకు బాల్యముననే నాటకములపై మక్కువ కలిగెను. ఐనను చదువును విడువలేదు. మదరాసులో పట్టము పొంది, న్యాయశాస్త్ర మభ్యసించి, బళ్లారిలో న్యాయవాదిగా పేరు గడించెను.

ఆ కాలపు నటులు పలువురు రాగాలాపనతో పద్యములను సాగదీసి ప్రేక్షకుల మెప్పు పొందుచుండిరి. రాఘవ పాటను తగ్గించి భావమునకు ప్రాధాన్య మిచ్చెను. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, పఠాను రుస్తుము, షైలాకు – లోకము ద్వేషించు ఇట్టి పాత్రలను ఆయన ధరించెను. ద్వేషింపబడువాని కోపమునకు మూలమేమి, వాని హృదయమున దాగిన వేదన ఎట్టిదని తెలిసికొననిదే అట్టి పాత్రలు రక్తికట్టవు. తెలుగుననే గాక కన్నడ, హిందీ, ఆంగ్ల భాషలలోను ఆయన నటించెను.

ఆనాడు స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. స్త్రీల వేదనను స్త్రీలే పలుకవలెనని రాఘవ తలచెను. విమర్శలను లెక్కింపక కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగస్థలమునకు తెచ్చెను. 1928లో ఇంగ్లండున బెర్నార్డు షాను కలిసికొని నాటకకళను గూర్చి ముచ్చటించెను.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ కీర్తిశేషుడయ్యెను. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఐనను ఆ పట్టణమున రాఘవ కళామందిరము ఆయన పేరును నిలుపుచున్నది.

బాలబాలికలారా! ఇంట నొక భాష, వీధిని మఱియొక భాష పలుకు మనకు నలుగురిలో నోరు విప్పుటకు సంకోచము సహజము. నాటకము ఆ సంకోచమును పోగొట్టును; అంతకంటె మిన్నగా, మన కిష్టములేనివాని మనస్సును సైతము కొంతసేపు మనదిగా చేయును. పాఠశాల వార్షికోత్సవమున చిన్న వేషము లభించెనని చిన్నబుచ్చుకొనకుడు. ఆ వేషము వెనుకనున్న మనిషి యెవ్వడో యోచింపుడు. తలిదండ్రులారా! మీ బిడ్డలను రంగస్థల మెక్కనిండు.