చార్లెస్ డికెన్స్ – క్రిస్మస్ పండుగ

పండుగనాడు దేవుని గుడియు వర్తకుని అంగడియు రెండును కళకళలాడును. వేములవాడ రాజన్న జాతరకు పోయినవారికి ఈ సంగతి తెలియనిది కాదు. 1924 డిసెంబరు 25వ తేదీన మెదకులో ప్రతిష్ఠింపబడిన పెద్ద చర్చికి క్రిస్మస్ నాడు పోవువారును దీనినే చూచెదరు. పండుగ భక్తికా, బేరమునకా, బీదవాని కొరకా యను ప్రశ్న నేటిది కాదు. ఆ ప్రశ్న నడుమ నిలిచిన ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ జీవితమును మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకై సంగ్రహముగా వ్రాయుచున్నాను.

డికెన్స్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. ఆదాయమునకు మించి వ్యయము చేసి, అప్పులపాలై, 1824లో లండనులోని మార్షల్సీ చెరసాలకు పోయెను. ఆ దినములలోనే పండ్రెండేండ్ల చార్లెస్ బూట్లకు పూయు నల్లరంగు కార్ఖానాలో బుడ్లకు చీటీలంటించి, వారమునకు ఆరు షిల్లింగులు గడించెను. ఆ యవమానమును అతడు తుదివరకు మరువలేదు. పిదప న్యాయవాదికడ గుమాస్తాయై, పత్రికా విలేఖరియై, 1836లో ఆరంభించిన పిక్విక్ కథలతో దేశమెల్ల కీర్తి నార్జించెను.

క్రిస్మస్ పండుగ విషయమున ఆ దేశీయులందరిది ఏకాభిప్రాయము కాదు. 1647లో ప్యూరిటనులను మతశుద్ధివాదులు ప్రబలియుండగా పార్లమెంటు ఆ పండుగనే నిషేధించెను. బైబిలులో ఆ తేదీ లేదనియు, తిండికిని త్రాగుడుకును అది నెలవైనదనియు వారి వాదము. 1660లో రాజరికము మరల వచ్చిన మీదట నిషేధము తొలగెను. అయినను స్కాట్లండులో 1958 వరకు అది ప్రభుత్వపు సెలవుదినము కాలేదు.

1843 అక్టోబరు 5న మాంచెస్టరులో, అప్పులలోనున్న ఎథీనియమను విద్యాసంస్థకు సహాయముగా జరిగిన సభలో డికెన్స్ ప్రసంగించెను. కార్ఖానాలలో బాలురు పడు పాట్లను గూర్చిన ప్రభుత్వ నివేదికచే అప్పటికే అతని మనసు కలగియుండెను. కరపత్రము వ్రాయదలచి, కథయైనచో హృదయమునకు తాకునని యెంచి, సుమారు ఆరు వారములలో క్రిస్మస్ కేరల్ రచించెను. అందు స్క్రూజ్ అను పిసినారి షావుకారు, అతనికడ చలిలో లెక్కలు వ్రాయు గుమాస్తా బాబ్ క్రాచిట్, ఆ గుమాస్తాకు అవిటి కుమారుడు. భూతములు చూపిన దృశ్యములచే ఒక్క రాత్రిలో షావుకారు మారిపోవును. తోడివాని యాకలి నెరుగుటయే పండుగ యని కథాసారము.

పుస్తకము డిసెంబరు 19న వెలువడెను. ఎర్రని అట్ట, బంగారు అంచులు, రంగుల బొమ్మలు. వెల ఐదు షిల్లింగులు. పండుగ ముందునాటికే 6000 ప్రతులు చెల్లిపోయెను. లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గనుక ఇచట ఒక పద్దు చూపుదును. కథలోని గుమాస్తా వారపు జీతము 15 షిల్లింగులు. తన కథను తానే కొనవలెనన్నచో అతడు జీతములో మూడవ వంతు పెట్టవలెను! బీదల పక్షమున వ్రాసిన గ్రంథమే కలిగినవారి పండుగ కానుక యయ్యెను. గ్రంథకర్త 1000 పౌనులు ఆశింపగా ఆ 6000 ప్రతులపై దక్కినవి 230 మాత్రమే. దొంగముద్రణ చేసినవారిపై దావా గెలిచెను గాని, వారు దివాలా తీయుటచే సుమారు 700 పౌనుల ఖర్చు అతని నెత్తినే పడెను.

ఆ యేడే హెన్రీ కోల్ అమ్మకమునకై మొదటి క్రిస్మస్ కార్డును అచ్చొత్తించెను. ఒక్కొక్కటి ఒక షిల్లింగు. బొమ్మలో చిన్నపిల్లయు మద్యము త్రాగుచున్నట్లుండుటచే మద్యవిరోధులు ఆక్షేపించిరి. 1848లో విక్టోరియా రాణి కుటుంబము అలంకృత వృక్షముచుట్టు నిలిచిన చిత్రము పత్రికలో వచ్చిన పిదప ఆ యాచారము బాగుగా వ్యాపించెను. డికెన్సును పండుగకై మరికొన్ని కథలు వ్రాసి అమ్మెను. ఈ వర్తకమున అతని పాలు లేదనుట సత్యము కాదు.

అయితే 1853 డిసెంబరులో బర్మింగ్‌హామున మరియొక విద్యాసంస్థ సహాయార్థము ఆ కథను సభలో చదువుచు, 30వ తేదీనాటి సభను తక్కువ రుసుముతో కార్మికులకే విడువవలెనని అతడే కోరెను. సుమారు 2000 మంది వచ్చి, తాము కొనజాలని కథను చెవులార వినిరి. 1858 నుండి స్వంత ఆదాయమునకై ఊరూర చదువసాగెను. ఆ శ్రమచే ఆరోగ్యము చెడెను. 1870 జూన్ 9న, ఏబదియెనిమిదేండ్ల ప్రాయమున మరణించెను. ఆడంబరము లేని అంత్యక్రియలు కోరియుండెను.

మన కేస్లాపూరున మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి జలము తెచ్చి నాగోబాను కొలుతురు. చుట్టును అంగళ్లు వెలయును. అంగడి లేని జాతర లేదు. అంగడియే జాతర కారాదు. పండుగకు అప్పు తెచ్చి మరుసటి పండుగ దాక వడ్డీ కట్టినవారి పద్దులు నా చేతితోనే వ్రాసితిని. అవి వ్రాసిన రాత్రులలో స్క్రూజ్ కథ నాకు నిద్ర పట్టనీయలేదు.

ఆ కథను నేను కొని చదువలేదు. మన గ్రంథాలయమున చదివితిని. క్రాచిట్ వంటి గుమాస్తాకు ఐదు షిల్లింగుల పుస్తకమును ఊరక అందించు చోటు ఇదియే. ఈ పాతికేండ్ల దీపము ఇట్లే వెలుగుచుండుగాక!