సర్వేపల్లి రాధాకృష్ణన్: పుట్టింది తమిళనాడులోనేనా? ఫలకాలపై కనిపించని కార్వేటినగరం కథ!

సర్వేపల్లి రాధాకృష్ణన్.. దేశ తొలి ఉపరాష్ట్రపతి, రెండో రాష్ట్రపతి. ఇలాంటి పెద్దల స్మారక ఫలకంపై మామూలుగా ఉండేవి మూడే ముక్కలు. పుట్టిన ఊరు, చేసిన పదవి, పోయిన తేదీ. ఆయన పుట్టిన ఊరు తిరుత్తణి. ఇప్పుడది తమిళనాడు. కానీ 1888 సెప్టెంబర్ 5న ఆ ఊరి అడ్రస్ వేరు!

అప్పట్లో తిరుత్తణి ఉత్తర ఆర్కాట్ జిల్లాలోని కార్వేటినగరం జమీందారీలో ఉండేది. అవును.. ఇప్పుడు చిత్తూరు జిల్లాలో, పుత్తూరు దగ్గరున్న కార్వేటినగరమే. వేణుగోపాలస్వామి మీద సారంగపాణి పదాలు పుట్టిన సంస్థానం ఇదే.

రాధాకృష్ణన్ తండ్రి వీరాస్వామి స్థానిక జమీందారు దగ్గర చిన్న రెవెన్యూ ఉద్యోగి. తెలుగు కుటుంబం. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చింది. డబ్బుకు కటకటే. అందుకే చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూలు, వేలూరులో వూర్హీస్ కాలేజీ, తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. బంధువొకరు తన పాత పుస్తకాలు ఇవ్వడంతో, ఖర్చు కలిసొస్తుందని ఫిలాసఫీ తీసుకున్నారని చెబుతారు. ఆ సబ్జెక్టే ఆయన్ను ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్‌ను చేసింది.

మైసూరు నుంచి కలకత్తా యూనివర్సిటీకి వెళ్లే రోజున శిష్యులు గుర్రాలు విప్పేసి, బండిని తామే స్టేషన్ దాకా లాగారు. 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్ వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్నది చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి. 1936లో మళ్లీ ఆయనే వచ్చారు. అంటే, విశాఖలో ఆ యూనివర్సిటీకి తొలినాళ్లలో దారి చూపింది ఈ గడ్డవాళ్లే!

మాస్కోలో రాయబారిగా పనిచేశాక 1952లో ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆయన ఆ పదవిలో ఉండగానే సొంతూరు చేతులు మారింది. 1953లో తిరుత్తణి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. సరిహద్దుల సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. బదులుగా సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది.

1962లో రాష్ట్రపతి అయ్యారు. అభిమానులు పుట్టినరోజు చేస్తామంటే, టీచర్ల పేరుతో జరపమన్నారు. అలా సెప్టెంబర్ 5 టీచర్స్ డే అయింది. ఆ ఐదేళ్లలో చైనా, పాకిస్థాన్‌లతో రెండు యుద్ధాలు, ఇద్దరు ప్రధానుల మరణాలు చూశారు. 1967లో మద్రాసు తిరిగొచ్చి, 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు.

చెన్నై మైలాపూర్‌లో ఒకప్పటి ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. రోజూ వేలమంది ఆ బోర్డు చూస్తారు. అందులో కార్వేటినగరం కనిపించదు. కానీ టీచర్స్ డే రోజు ఇక్కడి బడిలో ఫొటోకు దండేసే పిల్లలు ఒక మాట తెలుసుకోవాలి. ఆయన పుట్టినప్పుడు ఆయన ఊరు, ఈ ఊరు.. ఒకే జమీన్!